క్రిస్మస్ కుకీస్ అమ్మడానికి ఈఎంఐలో ఓవెన్ కొనాలా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. ఏటా క్రిస్మస్‌కి జీడిపప్పు కుకీస్ చేసి చర్చిలో వాళ్లకీ, ఇరుగుపొరుగుకీ పంచుతాను. ఈసారి పావుకిలో డబ్బా 150 రూపాయలకి అమ్ముదామనుకుంటున్నా. ఒక వాయికి అరకిలో బటర్ (290 రూపాయలు), 400 గ్రాముల జీడిపప్పు (380), ముప్పావు కిలో మైదా, 300 గ్రాముల పంచదార పొడి (రెండూ కలిపి 60) పడతాయి. నా ఓవెన్ చిన్నది. 12 వేల పెద్ద ఓవెన్‌ని క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా?

జవాబు: ఓవెన్ సంగతి తర్వాత చూద్దాం. నా అనుమానమంతా ఆ 150 మీదే.

సరుకుల ఖర్చు 730. పిండి రెండు కిలోలకి దగ్గరగా ఉన్నా, కాలేసరికి తేమ పోయి కిలోముప్పావు దాకా వస్తుంది, అంటే ఏడు డబ్బాలు. ఒక్కోదానికి సరుకే 104 పడింది. ప్యాకింగ్, లేబుల్, కరెంటు కలిపితే 125. మిగిలేది పాతిక! సగం రోజు వంటింట్లో నిలబడితే చేతికొచ్చేది 175 రూపాయలు. ఈ లెక్కన ఓవెన్ డబ్బు రావాలంటే 480 డబ్బాలు, అంటే 120 కిలోల కుకీస్ అమ్మాలి. ఒక్క డిసెంబర్‌లో అయ్యే పనేనా?

220 పెట్టండి. అప్పుడు డబ్బాకి 95 మిగులుతుంది. తెలిసినవాళ్ల దగ్గర అంత రేటు చెప్పడానికి మొహమాటమే, కాదనను. పంచేవి పంచండి, అమ్మేవి అమ్మండి, కానీ రెండు లెక్కలూ కలపొద్దు.

జీడిపప్పు ఎలాగూ తరిగే వేస్తారు కదా, గుండు పప్పు దేనికి? బేగంబజార్‌లో ముక్కలు అడగండి, చవగ్గా వస్తాయి. అలాగని సంచులకొద్దీ తేవద్దు, నిల్వ ఉంటే ముక్కవాసన వస్తుంది. వేయించిన పల్లీలతో ఇంకో రకం చేసి తక్కువ ధరకి ఇవ్వొచ్చు. బటర్ బదులు డాల్డా వేసి బటర్ కుకీస్ అని మాత్రం అమ్మకండి. ఏ పప్పు వేశారో లేబుల్ మీద రాయండి, కొందరికి పల్లీలూ జీడిపప్పూ పడవు.

నో కాస్ట్ ఈఎంఐ అన్నా చాలా కార్డుల్లో ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీని అమ్మేవాళ్లు డిస్కౌంట్‌గా సర్దినా బ్యాంకు లెక్కలో అది ఉంటుంది కాబట్టి ఆ వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. ఒక్క వాయిదా తప్పిందంటే ఇక కార్డు వడ్డీ మొదలు. కాబట్టి ఈ ఏడాదికి వద్దు.

ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, చిన్న వ్యాపారానికి ఫీజు నామమాత్రం. తెలిసినవాళ్లకి నేరుగా అమ్ముకునే మీ స్థాయికి జీఎస్టీ టెన్షన్ అక్కర్లేదు, తెలంగాణలో ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటితేనే ఆ మాట.

సగం డబ్బు అడ్వాన్స్ తీసుకుని, ఆర్డర్ వచ్చినంతే ఉన్న ఓవెన్‌లో చేయండి. రోజుకో వాయి చొప్పున పది రోజులకి 70 డబ్బాలు, 6,650 రూపాయలు మిగులుతాయి. దాన్ని ఇంటిఖర్చులో కలపకుండా విడిగా బ్యాంకులో దాచి, పక్కనే నెలకి 500 కట్టే ఓ రికరింగ్ డిపాజిట్ మొదలుపెడితే వచ్చే నవంబర్‌కల్లా ఓవెన్‌ని నగదు పెట్టి, బేరమాడి కొనుక్కోవచ్చు.