అమెరికాలో రాష్ట్రాలు మత్తు చికిత్స, నివారణ నిధులకు ఎలా దరఖాస్తు చేస్తాయి?

ఈ ప్రశ్నతోపాటు ఒక పాఠకుడు ‘ప్రపోజల్ బాగా రాస్తే ఎక్కువ డబ్బు వస్తుందా?’ అని కూడా అడిగారు. రాదు. ఇది పోటీ గ్రాంటు కాదు, బ్లాక్ గ్రాంట్, అంటే కేంద్రం ఒక సూత్రం ప్రకారం రాష్ట్రాలకు పంచే నిధి. మత్తు ముప్పున్న జనాభా, సేవలకయ్యే ఖర్చు, రాష్ట్రం ఆర్థిక స్తోమత, ఈ మూడింటి సూత్రంతో ఎవరికెంతో ముందే తేలిపోతుంది. మొత్తం ఏడాదికి దాదాపు 200 కోట్ల డాలర్లు. అందుకునేవాళ్లు 60 మంది: 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టో రికో లాంటి భూభాగాలు, మినెసోటాలోని రెడ్ లేక్ అనే ఆదివాసీ తెగ. దరఖాస్తు అంటే ఇక్కడ అడగడం కాదు, షరతులకు ఒప్పుకుని లెక్క చూపడం.

పంపేది రాష్ట్రంలో మత్తు సేవలు చూసే ఏజెన్సీ. సామ్సా అనే కేంద్ర సంస్థ ఆన్‌లైన్ వ్యవస్థ వెబ్‌బీగాస్‌లో రెండేళ్ల ప్రణాళిక ఎక్కించాలి. గడువు అక్టోబర్ 1. మానసిక ఆరోగ్య గ్రాంటుతో కలిపి పెడితే సెప్టెంబర్ 1. ముందు ఉన్న సేవలు, తర్వాత లోపాలు, వాటినుంచి ప్రాధాన్యాలు, కొలవగలిగే లక్ష్యాలు, చివర ఖర్చు పట్టికలు. హామీపత్రాల మీద గవర్నర్ సంతకం కావాలి (మన గవర్నర్‌లా కాదు, అక్కడ ముఖ్యమంత్రి పని చేసేది ఆయనే). కింది అధికారి సంతకం పెడితే అధికారమిచ్చిన ఉత్తరం జతచేయాలి. గవర్నర్ మారాక పాత ఉత్తరమే ఎక్కించేసి ఇరుక్కుంటారు. ముసాయిదాను ప్రజల ముందు పెట్టాలని చట్టం. వెబ్‌సైట్‌లో ఏ మూలో ఒక పీడీఎఫ్ పడేసి ‘అభిప్రాయాలు రాలేదు’ అని రాసుకోవడం నాకు నచ్చని తంతు.

అసలు చిక్కంతా ‘మెయింటెనెన్స్ ఆఫ్ ఎఫర్ట్’ దగ్గర. మన కేంద్ర పథకాల్లో 60:40 వాటా ఉంటుంది కదా, ఇక్కడ అలాంటి వాటా లేదు. దాని బదులు, గత రెండేళ్ల సగటుకు తగ్గకుండా రాష్ట్రం తన సొంత డబ్బు పెడుతూనే ఉండాలి. ఊహకి ఒక లెక్క: 2023లో 4 కోట్ల డాలర్లు, 2024లో 4.8 కోట్లు. సగటు 4.4. 2025లో మళ్లీ 4 కోట్లే పెడితే 40 లక్షల లోటు, గ్రాంటులో అంతే కోత. 2026కీ సగటు 4.4 కోట్లే! ఒక్కసారి వచ్చిన 80 లక్షలు రెండేళ్లు వెంటాడతాయన్నమాట. అది ఒక నిర్దిష్ట పనికి, మళ్లీ రాని కేటాయింపు అయితే లెక్కలోంచి తీసేయమని సామ్సాని రాతపూర్వకంగా కోరవచ్చు. ఆ కాగితం కదపడం మర్చిపోయాక ఆర్థిక శాఖను తిట్టుకుని లాభం లేదు. రోగుల ఖర్చు మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) కిందికి మారి ఏజెన్సీ పద్దు దాటిపోయినా ఇదే గండం, సేవలు పెరిగినా సరే.

మిగతావి సూటి నిబంధనలే. కనీసం 20 శాతం నివారణకు. అది చికిత్స అవసరం లేనివాళ్ల కోసమే, కాబట్టి స్క్రీనింగ్ చేసి చికిత్సకు పంపే పని అందులో రాయకూడదు. పరిపాలనకు 5 శాతం దాటకూడదు. ఆసుపత్రి ఇన్‌పేషెంట్ సేవలకు, స్థలం కొనడానికి, చేతికి నగదు ఇవ్వడానికి వాడకూడదు. సూదితో డ్రగ్స్ తీసుకునేవాళ్లను 14 రోజుల్లో చేర్చుకోవాలి. చోటు లేకపోతే 48 గంటల్లో తాత్కాలిక సేవలు మొదలుపెట్టి, 120 రోజుల్లోపు చేర్చుకోవాలి. ఈ రోజుల లెక్క చికిత్సా కేంద్రాల కాంట్రాక్టులోనే రాసి ఉండాలి, లేకపోతే తనిఖీలో నిలదీసేది రాష్ట్రాన్నే.

వీటితోపాటు సిగరెట్ కొట్లు కూడా చూసుకోవాలి. 1992 నాటి సైనార్ సవరణ ప్రకారం, మైనర్లకు పొగాకు అమ్ముతున్నారేమోనని ఏటా యాదృచ్ఛికంగా ఎంచుకున్న దుకాణాలను చెప్పకుండా తనిఖీ చేయాలి. 2019 డిసెంబర్ నుంచి వయసు హద్దు 21. ఉల్లంఘనలు 20 శాతం దాటితే గ్రాంటులో 10 శాతం దాకా కోత పడవచ్చు. ఈ నివేదిక డిసెంబర్ 31కి, ఖర్చు నివేదిక డిసెంబర్ 1కి. అక్టోబర్‌లో ప్రణాళిక ఎక్కించి ఊపిరి పీల్చుకున్న ఆఫీసు ఈ రెండు తేదీల దగ్గరే దొరికిపోతుంది.