క్వయర్ నడిపిన అనుభవం వ్యాపారానికి ఎంతవరకు పనికొచ్చింది: గుంటూరు నుంచి నా జవాబు

ప్రశ్న ఇదీ: "విజయవాడలో ఎంబీఏ చేస్తున్నాను. మూడేళ్లుగా కాలేజీ బ్యాండును నడుపుతున్నాను. కంపెనీ పెట్టేవాళ్లు ఆర్కెస్ట్రా కండక్టర్ లాంటివాళ్లని క్లాసులో చెప్పారు. నిజంగా రెండూ ఒకటేనా? బ్యాండు అనుభవాన్ని నమ్ముకుని ఈవెంట్స్ వ్యాపారం మొదలుపెట్టొచ్చా?"

రెండూ చేస్తున్నదాన్ని కాబట్టి నాకు జరిగింది చెబుతాను. గుంటూరులో మా చర్చిలో పాడే బృందం, అంటే క్వయర్‌ను పద్నాలుగేళ్లుగా నడుపుతున్నాను. ఆరేళ్ల కిందట కారం, పచ్చళ్ల వ్యాపారం పెట్టాను. అప్పుడు నేనూ మీలాగే అనుకున్నాను. ముప్ఫై మందిని ఒక్క గొంతుగా పాడించగలిగినదాన్ని, ఎనిమిది మందితో చిన్న మిల్లు నడపలేనా అని. క్వయర్ నేర్పినవి కొన్ని చాలా బాగా పనికొచ్చాయి. ఒక్క విషయంలో మాత్రం ఆ అనుభవమే నన్ను దెబ్బతీసింది. దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందు క్వయర్ సంగతి. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చింది 1842లో. ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో మొదలైంది. ఈ ఊళ్లో పదిమంది కలిసి నిలబడి పాడడం ఈనాటిది కాదు. మా కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు రాసిన కీర్తనలను హార్మోనియం, తబలాలతో మన పద్ధతిలోనే పాడతాం. క్రిస్మస్ వచ్చేసరికి అదే ముప్ఫై మంది గొంతు ఎత్తును బట్టి, పైనుంచి కిందికి సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు వరసలవుతారు. వాళ్లలో నర్సులున్నారు, బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు, ఆటో నడిపే అతను ఉన్నాడు. ఎవరికీ రూపాయి ఇవ్వం.

అక్టోబరు ప్రాక్టీసుల్లో ప్రతి ఏడూ ఒకటే జరుగుతుంది. మూడో చరణానికి వచ్చేసరికి ఆల్టో వాళ్ల శ్రుతి కిందికి జారుతుంది. ఒకరు అలసిపోయి దిగుతారు, పక్కనున్నవాళ్లు ఆ గొంతునే పట్టుకుని వాళ్లూ దిగుతారు. హార్మోనియం మీద నా వేలు అసలు స్వరం మీదే ఉంటుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. ఆపుతాను, ఆ స్వరం ఒక్కటే పట్టిస్తాను, మళ్లీ పాడిస్తాను. తప్పు జరగడానికీ దిద్దడానికీ మధ్య అర నిమిషం కూడా పట్టదు. ఏళ్ల తరబడి ఇలా గడిచాక మనసులో ఒక ధీమా వచ్చేస్తుంది, తప్పు జరిగితే నాకు వినపడుతుందిలే అని. ఆ ధీమాతోనే వ్యాపారంలోకి వచ్చాను.

మిర్చి సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మా మిర్చి యార్డుకు కొత్త పంట ఎక్కువగా ఎండాకాలం అయ్యేలోపే వస్తుంది. అప్పుడు అమ్ముడుపోనిది కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ఆ సరుకును ఇక్కడ ఏసీ కాయ అంటాం. రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. కానీ బయటికి తీశాక చెమ్మ పట్టుకుంటుంది కాబట్టి బాగా ఎండబెట్టాకే మర పట్టించాలి.

వ్యాపారం పెట్టిన రెండో ఏడాది, జులై నెల. హైదరాబాదు నుంచి ఒకేసారి పెద్ద ఆర్డరు వచ్చింది. వారంలో పంపాలి. ఏడు టిక్కీల (మిర్చి బస్తాల) ఏసీ కాయ తెప్పించాను, సుమారు మూడు క్వింటాళ్లు. రెండు రోజులు ఎండబెట్టాం గానీ పైన అంతా మబ్బే. మా దగ్గర ముచ్చికలు తీసే ఆడవాళ్లలో ఒక పెద్దావిడ ఉంది, అందరం మామ్మ అంటాం. చిన్నప్పటి నుంచీ మిర్చి పనే. ఆమె ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. బాగా ఎండిన కాయైతే లోపల గింజలు గలగలమంటాయి. అది పక్కన పడేసి ఇంకోటి తీసింది. తర్వాత ఇంకోటి.

"అమ్మాయ్, కాయ మోగట్లేదు" అంది.

నేను ఫోన్‌లో ట్రాన్స్‌పోర్టు అతనితో మాట్లాడుతున్నాను. "సర్లే మామ్మా, మర వేడికి ఆరిపోతుందిలే" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. తన పని తాను చేసుకుంది.

మరలోంచి వచ్చిన కారం ఎర్రగా, ఘాటుగా, చూడముచ్చటగా ఉంది. ఆ రోజు ఎవరికి చూపించినా వంక పెట్టరు. సెప్టెంబరు చివర్లో మొదటి ఫోన్ వచ్చింది, ప్యాకెట్‌లో కారం ఉండలు కట్టిందని. తర్వాత ఫొటోలు మొదలయ్యాయి. బూజు వాసన వస్తోందని ఒకావిడ మెసేజ్ పెట్టారు. మిగిలిన సరుకంతా వెనక్కి తెప్పించి పారబోశాం. కాయ, కూలి, మర, రానూపోనూ ట్రాన్స్‌పోర్టు కలిపి డెబ్భై వేలకు పైనే పోయింది.

డబ్బు పోయిన బాధ కొన్ని నెలలకు తగ్గింది. ఇంకోటి తగ్గలేదు. శ్రుతి ఎక్కడ జారినా పట్టుకునే చెవి నాదని నాకు లోపల గర్వం ఉండేది. అంతకంటే మంచి చెవి ఉన్న మనిషి నా పక్కనే నిలబడి, కాయ మోగట్లేదని నోరు తెరిచి చెప్పింది. నేను వినలేదు.

మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇదే. పాటలో తప్పు ఆ క్షణమే వినపడుతుంది, అదీ నడిపేవాళ్లకే ముందు వినపడుతుంది. వ్యాపారంలో తప్పు రెండు మూడు నెలల తర్వాత, ఎక్కడో దూరంలో ఉన్న కొనేవాళ్లకు వినపడుతుంది. అంతకంటే ముందు దాన్ని పసిగట్టగలిగినవాళ్లు ఉంటారు. వాళ్లు మిర్చి కుప్ప దగ్గర కూర్చుని కూలికి పనిచేస్తుంటారు, యజమాని మాటకు ఎదురు చెప్పడం వాళ్లకు అలవాటు ఉండదు.

ఇప్పుడు మా దగ్గర మామ్మ, ఆమె దగ్గర నేర్చుకున్న ఇంకో ఇద్దరు సరే అంటేనే మర స్విచ్ వేస్తారు. వద్దంటే నేను చెప్పినా వేయరు. ప్రతి విడత నుంచి రెండు ప్యాకెట్లు తేదీ రాసి అలమరాలో పెడతాను. నెలకోసారి ఒకటి విప్పి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూస్తాను. ఆలస్యంగా వినపడే తప్పును కాస్త ముందుగా వినడానికి నాకు తోచిన దారి అది.

ఈ దెబ్బ క్వయర్‌లో కూడా నా కళ్లు తెరిపించింది. ఆ ఏడాది క్రిస్మస్ ప్రాక్టీసులో వెనక వరసలో పాడే టెనర్ కుర్రాణ్ని అడిగాను, నేను ఎక్కడైనా తప్పు చేస్తున్నానా అని. కాసేపు నసిగి చెప్పాడు: "ఈస్టర్ పాటలో రెండో చరణం మీరు బాగా స్పీడుగా ఎత్తుకుంటారక్కా. మాకు ఊపిరి అందదు." ఎప్పటి నుంచి అంటే, చాలా ఏళ్ల నుంచి అట. ఎందుకు చెప్పలేదంటే, మీరు అడగలేదు కదక్కా అన్నాడు. అంటే పాటలో కూడా అన్ని తప్పులూ నాకు వినపడడం లేదు. నా తప్పులు నాకు అసలు వినపడవు.

మీ క్లాసులో చెప్పిన కండక్టర్ పోలిక నాకు సగమే నచ్చింది. కండక్టర్ ముందు స్కోరు, అంటే అందరి స్వరాలూ రాసిన కాగితం ఉంటుంది. ఎవరు ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో అందులో రాసి ఉంటుంది. వ్యాపారం పెట్టినవాళ్లకు అలాంటి కాగితం ఎవరూ ఇవ్వరు. రిహార్సల్ కూడా ఉండదు. నా మొదటి ప్యాకెట్‌ను ఎవరో డబ్బులిచ్చి కొని ఇంట్లో వాడేశారు. పైగా సంగీతంలో నాయకత్వం అంటే కర్ర పట్టుకుని నిలబడడం ఒక్కటే కాదు. న్యూయార్క్‌లో ఓర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రా 1972లో మొదలైనప్పటి నుంచీ కండక్టర్ లేకుండానే వాయిస్తోంది. వాయించేవాళ్లే వంతులవారీగా ముందుండి నడిపిస్తారు. అంత దూరం ఎందుకు, మన కచేరీ చూడండి. పాడేవాళ్లదే పెద్దరికం. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా మోగే భాగం వచ్చేసరికి దానికే వదిలేసి, తాళం వేస్తూ కూర్చుంటారు. ఆ పూట మామ్మ ముందు నేను చేయాల్సింది అదే.

ఇక క్వయర్ నుంచి నాకు నిజంగా పనికొచ్చినవి. పొడుగాటి స్వరం పట్టాల్సి వచ్చినప్పుడు అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాట తెగిపోతుంది. అందుకని పక్కపక్కవాళ్లు వేరువేరు చోట్ల తీసుకునేలా ముందే చెప్పి పెడతాం. వినేవాళ్లకు ఎక్కడా తెగినట్టు ఉండదు. మిల్లులో సెలవులు కూడా అలాగే పెట్టాను. సంక్రాంతికి, తిరునాళ్లకు, క్రిస్మస్‌కు ఎవరు ఎప్పుడు ఊరెళతారో నెల ముందే కూర్చుని మాట్లాడుకుంటాం. ఇంతవరకూ పండక్కి మర ఆగలేదు.

ఇంకోటి, జీతం లేకుండా వచ్చేవాళ్లను నడిపినవాళ్లకు మనుషులతో మాట్లాడడం వస్తుంది. ఆదివారం రానివాళ్లను కసరలేం, ఇంటికెళ్లి ఒంట్లో ఎలా ఉందని అడగాలి. కూలి ఇస్తున్నాం కదా అని ఆ అలవాటు పోగొట్టుకోకూడదని గట్టిగా పట్టుకున్నాను.

డబ్బు విషయంలో మాత్రం క్వయర్ ఏమీ నేర్పదు. పాట చెడితే ఆదివారం మధ్యాహ్నం దాకా బాధ. వ్యాపారంలో నా గొలుసు, గాజులు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. సరుకు కొన్న పార్టీ నుంచి డబ్బు వచ్చినా రాకపోయినా శనివారం సాయంత్రం కూలి చేతిలో పెట్టాలి. ఆ టెన్షన్ దేనితోనూ పోల్చలేను.

ఇక మీ ఈవెంట్స్ ఆలోచన. సౌండ్ తప్పితే స్టేజీ మీదే తెలిసిపోతుంది, అది మీకు అలవాటే. ఆలస్యంగా తెలిసేది బాకీల సంగతి. పెళ్లివాళ్లు మిగిలిన డబ్బు నెల తర్వాత ఇస్తామంటారు, జనరేటర్ అతనికి మీరు ఆ రాత్రే ఇవ్వాలి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వస్తే ముహూర్తాలే ఉండవు. ఆ నెలల జీతాలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి. డబ్బు లెక్కలు చూసే మనిషి "వద్దు" అంటే మీరు ఆగిపోయేలా ముందే ఒప్పందం చేసుకోండి.

అంతకంటే ముందు ఈ వారం ప్రాక్టీసు అయ్యాక, మీ డ్రమ్మర్‌ను పక్కకు పిలిచి, నేను పాట ఎక్కడ పాడుచేస్తున్నానో చెప్పమని అడగండి. మొదట ఏమీ లేదంటారు. కాసేపు అక్కడే కూర్చోండి. ఆయన ఏం చెప్పారో ఇక్కడ రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.