వృద్ధుల ఒంట్లో వీడని ఇన్‌ఫ్లమేషన్: నర్సింగ్ విద్యార్థినికి ఇందులో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. పోస్టింగ్‌లో భాగంగా విజయవాడ శివార్లలోని ఒక వృద్ధాశ్రమానికి వెళ్లి వచ్చినప్పటి నుంచి, పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి ఉండిపోయే ఇన్‌ఫ్లమేషన్ గురించే చదువుతోంది, దాని మీదే పని చేస్తానంటోంది. ఐసీయూలో అనుభవం సంపాదించి జర్మనీ వెళితే బాగుంటుందని మేము అనుకున్నాం. వృద్ధాశ్రమంలో ఉద్యోగమంటే ఆయా పనే కదా అని వాళ్ల నాన్నగారి బాధ. అంత ఇష్టమైతే నర్సింగ్ వదిలేసి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసి ల్యాబ్ వైపు వెళ్లమని చెప్పమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా చివరి ప్రశ్నకు సమాధానం చెబుతాను. ఈ విషయం మీద ఇష్టంతోనే అయితే మీ అమ్మాయి నర్సింగ్ వదలనవసరం లేదు, వదలకూడదు కూడా. ఎందుకో చెప్పాలంటే ఆ జబ్బు స్వభావం గురించి కొంత వివరంగా మాట్లాడుకోవాలి. అది తెలిస్తే మీ వారి సందేహం కూడా చాలావరకు తీరుతుందని నా నమ్మకం.

దెబ్బ తగిలినా, క్రిమి సోకినా ఆ చోట ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పుట్టడం శరీరం తనను తాను కాపాడుకునే పద్ధతి. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. పని పూర్తికాగానే అది చల్లారాలి. వయసు పైబడిన చాలామందిలో అది పూర్తిగా చల్లారదు. జ్వరం ఉండదు, పైకి వాపు కనిపించదు, కానీ రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ప్రొటీన్లు ఉండవలసిన దానికంటే కొంత ఎక్కువగానే ఉంటూ, నివురుగప్పిన నిప్పులా ఏళ్లు గడిచిపోతాయి. ఇటలీకి చెందిన క్లాడియో ఫ్రాన్సెస్కీ, ఆయన సహచరులు 2000 సంవత్సరంలో దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టారు. విభజన ఆగిపోయినా చావకుండా మిగిలిపోయిన ముసలి కణాలు వదిలే రసాయనాలు, పొట్టలో పేరుకున్న కొవ్వు, షుగరు, చిగుళ్ల జబ్బు, మానని పుండ్లు, మూత్రం కోసం పెట్టిన గొట్టం వల్ల పదేపదే వచ్చే ఇన్‌ఫెక్షన్లు, ఇవన్నీ కలిసి ఆ నిప్పును ఆరనివ్వవు.

దాని ఫలితం ఒక అవయవంతో ఆగదు. కండ కరుగుతుంది, ఆకలి చస్తుంది, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేసి, ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ రక్తం తయారీకి అందకుండా చేస్తుంది. అందుకే అలాంటివారికి ఐరన్ మాత్రలు ఎన్ని వేసినా హిమోగ్లోబిన్ పెద్దగా పెరగదు. వృద్ధాశ్రమంలో ఉండేవారికి ఈ బాధ మరింత ఎక్కువ. వాళ్లలో చాలామంది నాలుగైదు జబ్బులతోనే అక్కడికి చేరతారు, పగలంతా కూర్చునో పడుకునో ఉంటారు, పళ్లు లేక పప్పుచారుతో, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు గనుక కండకు కావలసినంత ప్రొటీన్ అందదు.

మరి మందుతో తగ్గించలేరా అంటే, ఇక్కడే మీరు జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఉంది. ఇన్‌ఫ్లమేషన్‌ను ముందుకు నడిపించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ను, ఇదివరకే గుండెపోటు వచ్చిన పది వేల మందికి పైగా రోగుల మీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. మళ్లీ గుండెపోటు రావడం వంటివి కొంత తగ్గాయి గానీ, ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఇక మనవాళ్లు మందుల షాపులో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలను వృద్ధులు రోజూ వాడితే కిడ్నీలు దెబ్బతినే, కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. అందువల్ల ఈ నిప్పుకు కట్టెలు అందకుండా చూడడమే ఈ రోజుకు చేతిలో ఉన్న అసలైన వైద్యం. ఆ పని ఎక్కువగా నర్సు చేతుల మీదుగానే జరుగుతుంది.

రాత్రి పళ్ల సెట్టు తీయకుండానే పడుకునే ఒక మామ్మగారిని ఊహించుకోండి. సెట్టు కింద చిగురు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంటుంది, నాలుక మీద తెల్లటి పూత ఉంటుంది. ఆ నోటిలోని క్రిములే నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి. భోజనం తర్వాత నోరు శ్రద్ధగా శుభ్రం చేస్తే న్యుమోనియా తగ్గుతుందని జపాన్‌లోని 11 నర్సింగ్ హోముల్లో, అంటే అక్కడి వృద్ధాశ్రమాల్లో, చేసిన అధ్యయనం 1999లోనే చూపించింది. అలాగే మంచాన పడినవారి మడమ మీద ఎర్రమచ్చ కనిపిస్తే వేలితో నొక్కి చూడాలి. నొక్కినప్పుడు తెల్లబడి, వదిలాక ఎరుపు తిరిగి వస్తే ఇంకా సమయం ఉన్నట్టు. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. మనవాళ్ల చామనఛాయ మీద ఆ ఎరుపు సరిగా తెలియదు గనుక, అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి పోల్చుకోవాలి. ఈ నేర్పు ఆయా పని కాదని మీ వారికి నా మాటగా చెప్పండి. పుండు పడే ముప్పును అంచనా వేసే బ్రేడన్ స్కేల్‌ను రూపొందించినవారు కూడా నర్సులే, 1980లలో. వృద్ధుల్లో ఇన్‌ఫెక్షన్ చాలాసార్లు జ్వరంతో కాక తికమక మాటలతో, మగతతో బయటపడుతుంది. నిన్నటి మనిషికీ ఇవాళ్టి మనిషికీ తేడా పట్టగలిగేది దగ్గరుండి చూసే నర్సే.

వ్యాయామం సంగతీ అంతే. అమెరికాలోని బోస్టన్‌లో నర్సింగ్ హోములో ఉంటున్న 100 మంది మీద చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. వారి సగటు వయసు 87. వారిలో బరువులతో కాళ్ల వ్యాయామం చేయించినవారి కండరాల బలం పది వారాల్లోనే రెట్టింపు దాటింది. పనిచేసే కండరం ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే సంకేతాలను రక్తంలోకి విడుదల చేస్తుందని ఆ తర్వాత తెలిసింది.

అయితే మీ వారి భయంలో న్యాయం లేదని నేను అనను. కోర్సు పూర్తికాగానే నేరుగా ఒక చిన్న వృద్ధాశ్రమంలో చేరితే జీతం తక్కువగా ఉంటుంది, పైన నేర్పేవారుండరు, ఇష్టం కాస్తా విసుగుగా మారుతుంది. కాబట్టి మొదటి రెండేళ్లూ పెద్ద ఆసుపత్రిలోని జనరల్ మెడిసిన్ వార్డులో పనిచేయమనండి. ఐసీయూ కూడా మంచిదే గానీ, ఈ విషయానికి మెడిసిన్ వార్డే అసలైన బడి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రికి వచ్చే వృద్ధులలో కనిపించనిదంటూ ఉండదు. మంగళగిరి ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులను నార్సెట్ అనే జాతీయ పరీక్ష ద్వారా భర్తీ చేస్తారు. మీ అమ్మాయి ఇప్పటి నుంచే దానికి తయారు కావాలి. ఇంటికి దగ్గరలో, స్థిరమైన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, పక్కనే పరిశోధన చేసే వైద్యులు: ఇంతకంటే మంచి ఆరంభం నాకు తోచడం లేదు.

ఆ తర్వాత ఎమ్మెస్సీ నర్సింగ్. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలో మెడికల్ సర్జికల్ నర్సింగ్ గానీ, కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ గానీ తీసుకుని, పరిశోధన అంశంగా వృద్ధుల సంరక్షణను ఎంచుకోవచ్చు. నా మొగ్గు మొదటిదాని వైపు. పరిశోధనలోనే స్థిరపడాలనుకుంటే ఆపైన నర్సింగ్‌లో పీహెచ్‌డీ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2010-11లో మొదలుపెట్టిన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పది పడకల వృద్ధుల వార్డులు ఉండాలని నిర్దేశించారు. 45 ఏళ్లు దాటినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా భారతీయుల వివరాలు సేకరించిన లాసీ అనే జాతీయ అధ్యయనం కూడా జరిగింది. వృద్ధాప్యాన్ని చదివి, కొలిచి, వార్డు నడపగల నర్సులకు అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు.

జర్మనీ మాట పూర్తిగా పక్కన పెట్టమని చెప్పను. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే వృద్ధులు ఏళ్ల తరబడి ఉండే చోటు, మన విజయవాడ సూర్యారావుపేటలో బోర్డు మీద కనిపించే చిన్న ఆసుపత్రి కాదు. కనుక ఆమె ఇష్టపడే పనికే అక్కడ గిరాకీ ఉంది. జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి, దానికి సమయం పడుతుంది. ఇక్కడ రెండేళ్ల అనుభవం, భాష రెండూ సమకూరాక వెళ్లడం వేరు, ఏజెంటు తొందరపెట్టాడని అప్పు చేసి వెళ్లడం వేరు.

బయోటెక్నాలజీ మాత్రం ఆమెకు చుట్టుదారి. నర్సింగ్ పట్టాతో ఆ ఎమ్మెస్సీలో ప్రవేశం అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ సులభం కాదు. చేసినా, ఇప్పటికే వచ్చిన చేతి నేర్పును వదిలి సున్నా నుంచి మొదలుపెట్టినట్టవుతుంది. సీఆర్‌పీ కొలిచే యంత్రాలు, వాటిని నడిపేవారు ఊరూరా ఉన్నారు. ఆ అంకె ఎందుకు పెరిగిందో మంచం పక్కన నిలబడి చెప్పగలిగేవారే తక్కువ.

ఈ సంవత్సరం చేయవలసిన పని ఒకటుంది. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు, నోటి శుభ్రతకూ జ్వరాలూ దగ్గులూ రావడానికీ ఉన్న సంబంధాన్ని ఆ వృద్ధాశ్రమంలోనే పరిశీలిస్తానని ఆమె తన ట్యూటర్ మేడమ్‌ను అడగవచ్చు. కళాశాల నైతిక కమిటీ అనుమతి, ఆశ్రమ నిర్వాహకుల అంగీకారంతో పాటు, అక్కడున్న పెద్దవారికి తెలుగులో చదివి వినిపించి ఒక్కొక్కరి సమ్మతి తీసుకోవాలి. మతిమరుపు ముదిరినవారి విషయంలో వారి బిడ్డల సంతకం ఉండాలి. వద్దన్నవారిని మళ్లీ బతిమాలకూడదు.