ప్రోబ్ ఫెయిలైనప్పుడు మెమరీ లీక్: రిటర్న్ ముందు ఒక్క కేఫ్రీ పెడితే చాలా?

తమ్ముడూ, నీ లినక్స్ డ్రైవర్ ప్రోబ్‌లో (డివైస్ దొరికినప్పుడు కెర్నెల్ పిలిచే ఫంక్షన్) కేజడ్అలాక్‌తో మెమరీ తీసుకున్నావు, తర్వాత ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైన్) దొరకలేదు, అక్కడే ఎర్రర్ రిటర్న్ చేసేశావు, దాని ముందు కేఫ్రీ (ఆ మెమరీని వదిలే ఫంక్షన్) పెడితే సరిపోతుందా అని కదా నీ ప్రశ్న. ఇవాళ్టికి సరిపోతుంది. రేపు ఎవరో మధ్యలో ఒక క్లాక్ ఎనేబుల్ చేస్తారు, కొత్త రిటర్న్ పెడతారు, కేఫ్రీ మర్చిపోతారు. అందుకే కింద గోటూ లేబుళ్లు పెట్టి, తీసుకున్న వరసకి తలకిందులుగా వదులుకుంటూ రా. లేకపోతే డెవ్ఎమ్ రకం (డివైస్‌కి కట్టిపెట్టి మెమరీ తీసుకునే) ఫంక్షన్లు వాడు, ప్రోబ్ ఫెయిలైతే కెర్నెలే వదిలేస్తుంది. అది వాడిన చోట మళ్లీ కేఫ్రీ మాత్రం పెట్టకు, రెండుసార్లు ఫ్రీ అయి కూర్చుంటుంది.

"ఎర్రర్ ఎప్పుడో గానీ రాదు కదా" అనుకోకు. బరంపురంలో నాతో పనిచేసిన ఒడియా కుర్రాడూ ఇదే మాట అనేవాడు. రాయగడ వైపు సైట్లో మా బోర్డు ఒకటి ఉండేది, చిప్ అమ్మినవాళ్లు ఇచ్చిన డ్రైవర్‌తో. దానికి కావలసిన రెగ్యులేటర్ (చిప్‌కి కరెంటు సరఫరా చూసే) మాడ్యూల్ ఇమేజ్‌లో లేదు, అందుకని ప్రోబ్ ఈప్రోబ్‌డిఫర్ (ఇప్పుడు కుదరదు, తర్వాత మళ్లీ పిలువు అనే ఎర్రర్ కోడ్) ఇచ్చి వెనక్కి వచ్చేది. వేరే ఏ డ్రైవర్ ఏ డివైస్‌కి తగులుకున్నా కెర్నెల్ ఈ వాయిదా పడ్డ ప్రోబ్‌లన్నిటినీ మళ్లీ పిలుస్తుంది. అక్కడ కొండల మధ్య సిగ్నల్ సరిగ్గా ఉండదు, యూఎస్‌బీ మోడెమ్ ఊడిపోయి మళ్లీ వచ్చేది, వచ్చిన ప్రతిసారీ ఇటు ఒక ప్రోబ్, ఒక లీక్! స్లాబ్‌ఇన్ఫో (కెర్నెల్ మెమరీ లెక్క చూపే ఫైల్) చూస్తే కేమాలాక్-1కే, అంటే 1 కేబీ ముక్కల లెక్క, పెరుగుతూనే ఉంది. కరెంటు పోయినప్పుడల్లా బోర్డు రీబూట్ అయ్యేది కాబట్టి చాలాకాలం ఎవరికీ తెలియలేదు, కరెంటువాళ్లే మాకు తెలియకుండా రిపేర్ చేసిపెట్టారన్నమాట.

ఇంకో గొయ్యి ఉంది. డివైస్_రిజిస్టర్ (డివైస్‌ని కెర్నెల్‌లో నమోదు చేసేది) ఫెయిలైతే నేరుగా కేఫ్రీ చేయకూడదు, పుట్_డివైస్ (రిఫరెన్స్ కౌంట్ తగ్గించేది) పిలవాలి. లేకపోతే డెవ్_సెట్_నేమ్ తీసుకున్న పేరు తాలూకు మెమరీ మిగిలిపోతుంది, పైగా అప్పటికి రిఫరెన్స్ కౌంట్ మొదలైపోయి ఉంటుంది. మెమరీ వదిలే పని నీ రిలీజ్ ఫంక్షన్‌ది.

టెస్ట్ చేయడానికి ఎర్రర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. కాల్ కింద చేత్తోనే ఎర్రర్ కోడ్ పెట్టి గోటూ కొట్టించు, మాడ్యూల్ ఎక్కించి దించు. కేమెమ్‌లీక్ (వదలని మెమరీని వెతికే సాధనం) ఉన్న కెర్నెల్లో మాడ్యూల్ ఎక్కించే ముందు దాని ఫైల్లో 'క్లియర్', దించాక 'స్కాన్' రాయి. 5 సెకన్లు దాటని అలొకేషన్‌ని అది చూపించదు, కాబట్టి కాస్త ఆగి ఇంకోసారి స్కాన్ చెయ్యి. దొరికితే ఎక్కడ అలొకేట్ అయిందో బ్యాక్‌ట్రేస్‌తో సహా చూపిస్తుంది.

ప్యాచ్ పంపేటప్పుడు 'ఫిక్సెస్' లైన్లో లోపం తెచ్చిన కమిట్ ఐడీ మొదటి 12 అక్షరాలు రాయి, స్టేబుల్ (పాత కెర్నెళ్లకి ఫిక్స్‌లు చేర్చే శాఖ) చూసేవాళ్లకి వెతుక్కునే పని తప్పుతుంది.