ఘాట్‌లో క్లచ్ వాసన: గేర్‌బాక్సు దించే ముందు చూడవలసినవి

ప్రశ్న: మాది 1.3 లీటర్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్, హైడ్రాలిక్ క్లచ్. 90 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈమధ్య ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించి, 165/80 ఆర్14 టైర్లు తీసేసి 205/55 ఆర్16 వేయించాను. లోపల మందపాటి 7డి మ్యాట్లు, పెడల్స్‌కి అల్యూమినియం తొడుగులు కూడా వేశాను. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. ఐదుగురం తిరుమల కొండెక్కితే మాత్రం సగం దారి నుంచి కాలిన కాగితం వాసన. మెకానిక్ క్లచ్ సెట్టు, ఫ్లైవీలు (క్లచ్ ప్లేటు ఆనే ఇంజిన్ చక్రం) మొత్తం మార్చాలంటున్నాడు. రీమ్యాప్ చేసినవాళ్లు ‘స్టేజ్ 2’ క్లచ్ వేసుకోమంటున్నారు. స్నేహితులు టైర్లదే తప్పంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ప్రస్తుతానికి ఎవరి మాటా వినకండి. వాసన వచ్చిందంటే క్లచ్ ప్లేటు వేడెక్కిందని మాత్రమే అర్థం, అరిగిపోయిందని కాదు. ప్లేటు మీది రాపిడి పొర, అంటే లైనింగులోని రెసిన్ 250–300 డిగ్రీల దగ్గర మాడడం మొదలవుతుంది. మీకు తగిలేది ఆ వాసనే. ప్లేటు బాగున్నా హాఫ్ క్లచ్ మీద కారుని వాలులో నిలబెడితే నిమిషంలోపే అంత వేడి పుడుతుంది.

అసలు అది క్లచ్చేనా? బ్రేకు పట్టేసినా దాదాపు ఇదే వాసన. తిరుమలకి ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కాబట్టి మనవాళ్లకి ఈ లెక్క తేలిక. దిగేటప్పుడు వస్తే ముందు బ్రేకుల్నే అనుమానించాలి. మీకు ఎక్కేటప్పుడే వస్తోందన్నారు, అయినా కొండమీద ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా, తాకకుండా, అరచెయ్యి పెట్టి చూడండి. ఒక్క చక్రం దగ్గరే సెగ ఎక్కువగా ఉంటే ఆ వైపు బ్రేకు పట్టేస్తోందన్నమాట. బానెట్ సందుల్లోంచి నీలిరంగు పొగ వస్తే ఆయిల్ ఎగ్జాస్ట్ పైపు మీద కారుతోంది. ప్లాస్టిక్ కాలినట్టుంటే వైరింగ్ చూడాలి.

టైర్ల సంగతి లెక్కేసి చూద్దాం. పాత టైరు ఎత్తు 620 మిల్లీమీటర్లు, కొత్తది 632. తేడా రెండు శాతం. ఇంతమాత్రానికి క్లచ్ మాడదు. మీ స్నేహితుల వాదన ఇక్కడితో సరి. రీమ్యాప్ సంగతి అలా కాదు. ఈ తరగతి ఇంజిన్లు కంపెనీ నుంచి 190 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తాయి, రీమ్యాప్ తరువాత అది సులువుగా 230 దాటుతుంది. పైగా పెరిగేదంతా 1,800–2,500 ఆర్పీఎం మధ్యే, అంటే ఘాట్‌లో మీరు ఎక్కువసేపు ఉండే చోటే. కంపెనీ క్లచ్‌లో కొంత మిగులు పట్టు పెడతారు కానీ 90 వేలు తిరిగాక ఆ మిగులు ఎంత ఉందో పరీక్షించే తెలుసుకోవాలి.

పరీక్ష ఇది. చవకరకం ఓబీడీ డాంగుల్ (కారు కంప్యూటర్ అంకెల్ని ఫోన్‌కి పంపే పరికరం) పెట్టి ఫోన్లో ఆర్పీఎం, వేగం రెండూ కనిపించేలా చేసుకోండి. చూసే పని పక్కసీటులో కూర్చున్నవాళ్లకి అప్పగించండి. ఊరి బయట ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద నాలుగో గేరులో 50 దగ్గర నిలకడగా నడుపుతూ, ఆర్పీఎంని వేగంతో భాగించండి. 1,600 ఉందనుకుంటే 32 వస్తుంది. క్లచ్ పూర్తిగా పట్టి ఉన్నంతవరకు ఆ గేరులో ఏ వేగం దగ్గరైనా ఈ అంకె మారదు. ఇప్పుడు ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి 80 దాకా పోనివ్వండి. 70 దగ్గర 2,240 ఉండాలి. 2,600 చూపిస్తే ఆ 360 ప్లేటు జారుడే. డాంగుల్ వేగాన్ని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి మూడు నాలుగు శాతం తేడాని పట్టించుకోకండి. ఇదే పరీక్ష ఘాట్ ఎక్కిన వెంటనే, క్లచ్ వేడి మీద ఉన్నప్పుడు మళ్లీ చెయ్యండి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా పట్టి, వేడెక్కాక జారే క్లచ్‌లు చాలా ఉంటాయి.

హ్యాండ్‌బ్రేకు వేసి మూడో గేరులో క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోయింది, కాబట్టి క్లచ్ బాగుంది అని కొందరు తేల్చేస్తారు. రీమ్యాప్ చేసిన డీజిల్‌కి ఈ పరీక్ష దండగ. ఐడిలింగ్ టార్క్‌ని పట్టి నిలిపిన ప్లేటు, టర్బో ఊపందుకున్నప్పుడు నిలుపుతుందని హామీ లేదు.

జారుతోందని తేలినా గేర్‌బాక్సు దించకండి, బయటినుంచే చూడగలిగినవి మూడున్నాయి. మొదటిది మీ పాదాల దగ్గరే ఉంది. అల్యూమినియం తొడుగు వేశాక క్లచ్ పెడల్ వెడల్పు పెరుగుతుంది, ఎడమ పాదం పెట్టుకునే జాగా తగ్గుతుంది. ఘాట్‌లో పాదం తెలియకుండానే పెడల్ అంచు మీద వాలుతుంది. ఆ కొద్దిపాటి బరువే క్లచ్‌ని విడిపించే రిలీజ్ బేరింగుని, ప్లేటుని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు వేళ్లకి నొక్కుతుంది, పట్టు తగ్గుతుంది. 7డి మ్యాట్‌ది ఇందుకు తలకిందులైన తప్పు. పెడల్‌ని అడుగుదాకా పోనివ్వదు, క్లచ్ పూర్తిగా విడవదు, గేరులో ఆగినప్పుడల్లా ప్లేటు ఒరుసుకుంటుంది. రివర్స్ గేరు గరగరమంటుంటే అనుమానించాల్సింది దీన్నే. రెండూ తీసేసి ఒకసారి కొండెక్కి చూడండి. పైసా ఖర్చు లేదు.

రెండోది హైడ్రాలిక్ లైన్. పెడల్‌ని చేత్తో నొక్కితే బరువు తగలకముందు కొద్దిగా ఖాళీ కదలిక ఉండాలి. చాలా కార్లకి అది 10–15 మిల్లీమీటర్ల లోపు, కచ్చితమైన అంకె మీ కారు సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. అసలు లేకపోతే పుష్‌రాడ్ బిగువుగా ఉంది. పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు ఉబ్బినా నొక్కిన ద్రవం వెనక్కి రాదు. దీన్ని పట్టుకోవడానికి మంచి ఉపాయం ఒకటుంది. వేడి మీద జారుతున్నప్పుడే ఆపి, గేర్‌బాక్సు దగ్గరుండే స్లేవ్ సిలిండర్ బ్లీడింగ్ నిపుల్ ఒక్క క్షణం వదులు చేసి మళ్లీ బిగించాలి. ద్రవం చిమ్మి, ఆ తరువాత జారుడు ఆగిపోతే ప్లేటు నేరం లేదు, లైన్లో ఒత్తిడి చిక్కుకుంది. ద్రవం పెయింటు మీద పడకుండా చూసుకోండి.

మూడోది ఆయిల్. లిఫ్ట్ మీద బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే డొప్ప) అడుగు తుడిచి చూడండి. నల్లగా పలచగా ఉంటే క్రాంక్ వెనక సీలు, చిక్కగా గంధకం కంపు కొడితే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. ఆయిల్ తాగిన లైనింగ్‌ని కడిగినా పనికిరాదు.

ఈ మూడూ బాగుండి, ఇంకా జారుతుంటేనే విప్పండి. ప్లేటులో రివెట్ తల లైనింగు కంటే ఎంత లోపల ఉందో డెప్త్ గేజ్‌తో కొలిపించండి. సాధారణంగా 0.3 మిల్లీమీటర్లకి తగ్గితే మార్చాలి. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, సన్నటి వెంట్రుక పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. మచ్చలు తేలిగ్గా ఉంటే సర్ఫేస్ గ్రైండింగ్ చాలు, పగుళ్లు లోతుగా ఉంటే మార్చక తప్పదు. డ్యూయల్ మాస్ ఫ్లైవీలైతే (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కలది) గ్రైండింగ్ చేయించకండి.

‘స్టేజ్ 2’ పేరుతో రెండు రకాలు అమ్ముతున్నారు. మామూలు ఆర్గానిక్ ప్లేటుకి బిగువు ఎక్కువున్న కవర్ (ప్రెషర్ ప్లేటు) ఒకటి, సిరామిక్ ముక్కల ప్లేటు రెండోది. రెండోది మీకు వద్దు. అలిపిరి టోల్‌గేటు దగ్గర క్యూలో అంగుళం అంగుళం జరిగేటప్పుడు కారు దడదడలాడుతుంది, కాలు లాగేస్తుంది. మా సలహా ఏమిటంటే, కొత్త కంపెనీ క్లచ్ వేసి, 2,500 ఆర్పీఎం లోపు టార్క్‌ని తగ్గించి రాయమని రీమ్యాప్ చేసినవాళ్లని అడగండి. ఫైల్ మార్చడం వాళ్లకి పెద్ద పనేం కాదు.

ఇక పరీక్షలో జారకపోతే? అప్పుడు వాసనకి కారణం నడిపే తీరే. మలుపులో బస్సు వెనక ఆగాల్సి వస్తే హ్యాండ్‌బ్రేకు లాగి న్యూట్రల్ చెయ్యండి. మూడో గేరులో ఈడుస్తూ మధ్యలో హాఫ్ క్లచ్ ఇవ్వడం కంటే ఒకటో గేరులో పోవడం మేలు. వాసన వస్తే వీలున్న చోట పక్కకి తీసి న్యూట్రల్‌లో ఇంజిన్ నడవనిచ్చి పెడల్ మీద నుంచి కాలు తీసేయండి, ఇరవై నిమిషాలు ఆగండి.

ప్రశ్న: పాత థార్ సీఆర్‌డీఈకి 235/70 ఆర్16 బదులు 33 అంగుళాల టైర్లు వేశాం. ఇంజిన్ ముట్టుకోలేదు. అయినా మామిడితోటల్లో గట్లెక్కితే క్లచ్ వాసన. ఎందుకు?
– ఒక పాఠకుడు, బంగారుపాళెం

జవాబు: పైన టైర్లని వదిలేశాం గానీ మీ విషయంలో అసలు దోషి అదే. 735 మిల్లీమీటర్ల టైరు స్థానంలో 838 వచ్చింది, దాదాపు 14 శాతం పెరిగింది. ఒకటో గేరు అంతమేరకు బరువెక్కినట్టే. కదిలేటప్పుడు క్లచ్ పూర్తిగా పట్టేసరికి బండి 14 శాతం ఎక్కువ వేగంలో ఉండాలి. ప్లేటులో పుట్టే వేడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి చదునులోనే 30 శాతం అదనం, గట్టు మీద ఇంకా ఎక్కువ. క్లచ్ మార్చినా మళ్లీ ఇదే కథ. తోటలో మట్టి మీద 4ఎల్ (ఫోర్ వీల్ డ్రైవ్‌లో తక్కువ వేగపు గేరు) వాడండి, క్లచ్ మీద భారం సగానికి పైగా తగ్గుతుంది. తారు రోడ్డు మలుపుల్లో మాత్రం 4ఎల్ వద్దు, ముందు వెనక యాక్సిళ్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. 31 అంగుళాలకి దిగితే తేడా 7 శాతమే. పైగా కంపెనీ వివరాలకి భిన్నంగా మార్పులు చేస్తే మోటారు వాహన చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. ప్రమాదం జరిగితే బీమా క్లెయిముకి అదే అడ్డంకి కావచ్చు.

ప్రశ్న: రీమ్యాప్ చేసిన కారుకి చిత్తూరులో కొత్త క్లచ్ వేయించి 200 కిలోమీటర్లు తిరిగాం. మొగిలి ఘాట్‌లో వాసన వస్తోంది, కదిలేటప్పుడు కాస్త వణుకుతోంది. తిరిగి ఇచ్చేయాలా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: వాసన ఒక్కటే అయితే కంగారు లేదు. కొత్త లైనింగ్ ఫ్లైవీలుతో పూర్తిగా కలిసేదాకా, అంటే సుమారు 500–800 కిలోమీటర్లు, నిండు బరువుతో ఘాట్లెక్కడం, పూర్తి ఎక్సలేటర్ రెండూ మానండి. వణుకు మాత్రం అడగాల్సిన విషయం. పాత ఫ్లైవీలుని గ్రైండ్ చేయించారా, కొత్త కవరుకి కంపెనీ పూసే తుప్పు నిరోధక నూనెని బ్రేక్ క్లీనర్‌తో తుడిచారా, స్ప్లైన్‌కి (ప్లేటు కూర్చునే షాఫ్ట్ పళ్లకి) గ్రీజు ఎంత రాశారు? పలచటి పొర చాలు. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి లైనింగ్ మీద పడుతుంది. 800 దాటినా వణుకు తగ్గకపోతే వారంటీ ఉండగానే విప్పించి, లైనింగ్ మీద మరకల్ని మీ ఎదుటే చూపించమనండి.