ప్యాకింగు బల్ల దగ్గరి అమ్మాయి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

పుస్తకాల ప్రచురణ సంస్థ గురించి నువ్వు రాసిన కథ పోయిన గురువారం అందింది. ఉత్తరంలో నన్ను మాస్టారూ అని పిలిచావు కనుక నేనూ చనువు తీసుకుని నువ్వు అనే రాస్తున్నాను. కథను రెండుసార్లు చదివాను. మొదటిసారి పదకొండో పేజీ దాకా చదివేసరికి విసుగు పుట్టి, కాగితాలు పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాను. రాత్రి భోజనం అయ్యాక మిగిలినది కూడా చూద్దామని కూర్చున్నవాణ్ణి, పన్నెండో పేజీలో ఆ ప్యాకింగు అమ్మాయి దగ్గర ఆగిపోయాను.

పార్సిలు కట్టే ముందు ఆ అమ్మాయి ప్రతి పుస్తకంలోనూ చివరి పేజీ మాత్రమే చదువుతుందనీ, చిరునామా చీటీ మీద జిగురు ఆరేలోగా ఆమెకు దొరికే తీరిక ఒక్క పేజీకే సరిపోతుందనీ రాశావు. ఈ సంగతి నువ్వు ఎక్కడో కళ్ళతో చూసి ఉండాలి, కూర్చుని కల్పించగలిగేది కాదు. దానికి రెండు వాక్యాలు ఇచ్చి, ఎడిటరూ మేనేజరూ ప్రూఫ్ రీడరూ బొమ్మలు వేసే కుర్రాడూ మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని సాహిత్యం మీద చేసే ప్రసంగాలకు పదకొండు పేజీలు ఇచ్చావు. నాకు కోపం వచ్చింది అందుకే. ఈ ఉత్తరం రాస్తున్నదీ అందుకే.

ప్రచురణ సంస్థలో పనిచేసేవాళ్ళు పుస్తకాల గురించి మాట్లాడుకోరని నేను అనను. 1984 నుంచి 2016 దాకా ఈ ఊళ్ళోనే ఒక చిన్న సంస్థలో ప్రూఫులు దిద్దాను. పొద్దున తలుపు తీసింది మొదలు రాత్రి తాళం వేసేదాకా అక్కడ పుస్తకాల మాటే. అయితే ఆ మాట చేతిలో ఉన్న పనిలోంచి పుట్టేది, పని పిలిస్తే మధ్యలోనే తెగిపోయేది, మర్నాడు ఇంకో పని దగ్గర మళ్ళీ అందుకునేది. నీ కథలో నలుగురూ పెరుగన్నం తింటూ ఒకరి తరవాత ఒకరు పూర్తి వాక్యాలలో అభిప్రాయాలు చెప్పుకుంటారు. ఒక్కరి చేతికీ సిరా అంటలేదు, ఒక్క ఫోనూ మోగలేదు, కాగితం ధర పెరిగిందని ఒక్కరూ అనలేదు. ఆ నలుగురినీ తీసుకెళ్ళి ఏ బ్యాంకులో కూర్చోబెట్టినా ఆ మాటలే మాట్లాడతారు.

నేను చేరిన కొత్తలో నా పని కాపీ చదవడం. రచయిత రాతప్రతిని నేను పైకి చదువుతూ ఉంటే, ఎదురుగా కూర్చున్న పెద్దాయన గాలీ ప్రూఫు, అంటే పేజీలు కట్టకముందు తీసే పొడుగాటి అచ్చుకాగితం, మీద వేలు జరుపుతూ తప్పులు పట్టుకునేవారు. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చదవాలి. ఒకనాడు ఏదో నవలలో తల్లి ప్రాణం పోయే ఘట్టాన్ని, “అమ్మా కామా ఒక్కసారి కళ్ళు తెరు ఫుల్‌స్టాప్” అని చదివాను. ఆయన కలం ఆగింది. “అక్కడ ఫుల్‌స్టాపు పడదోయ్, ఆ కొడుకు ఇంకా పిలుస్తూనే ఉంటాడు” అన్నారు. మార్జినులో ప్రశ్న గుర్తు పెట్టి, రచయితను అడగాలని పక్కన రాసుకుని, తరవాతి వాక్యం చదవమన్నారు. అంతా కలిపి అరనిమిషం పట్టింది. ఆ నవల మీద తరవాత వచ్చిన సమీక్షలు కూడా చదివాను, వాటిలో ఆ చుక్కను చూసినవాళ్ళు ఎవరూ లేరు. నీ ప్రూఫ్ రీడరు మూడు పేజీలు మాట్లాడాడు కానీ, ఒక్కసారి కూడా వాక్యం మధ్యలో వేలు పెట్టి ఆగలేదు.

ఇక పొరపాట్లు. నీ కథలో కొత్తగా వచ్చిన పుస్తకం 150 పేజీలు అని రాశావు. డెమ్మీ ఎనిమిదో వంతు సైజులో ఫారానికి, అంటే ఒకే కాగితం మీద రెండువైపులా అచ్చేసి మడిచే కట్టకు, 16 పేజీలు. కనుక 144 అయినా కావాలి, 160 అయినా కావాలి, లేదా అరఫారం కలిపి 152 చేసుకోవాలి. ఆరు పేజీలు మిగిలితే ఏం చేయాలన్న తర్జనభర్జన ప్రతి పుస్తకానికీ నడుస్తుంది. ముందుమాట కుదించాలా, రచయిత ఫొటో వేయాలా, పాత పుస్తకాల జాబితా చేర్చాలా అన్న ఆ వాదంలో ఎవరికి ఏ రచయిత మీద ఎంత గౌరవం ఉందో బయటపడిపోతుంది. అలాగే కథ జరిగేది ఆగస్టు నెల అన్నావు, బైండింగు నుంచి వచ్చిన పుస్తకాలు బల్ల మీద అద్దంలా మెరుస్తున్నాయన్నావు. విశాఖలో ఆగస్టు గాలి సంగతి నీకు నేను చెప్పాలా? లామినేషన్ చేసిన అట్టకు లోపలివైపు కాగితం తేమ పీల్చి సాగుతుంది, పైనున్న ప్లాస్టిక్ పొర సాగదు. దాంతో అట్ట పైకి లేచి నోరు తెరుచుకుంటుంది. కట్టలు విప్పగానే పుస్తకాల మీద పలకలు పరిచి, వాటిమీద బరువులు పెట్టడం మా అందరికీ వచ్చిన పని. బరువుకు ఏం పెట్టేవాళ్ళమనుకున్నావు? అమ్ముడుపోని పుస్తకాల కట్టలు. వాటిని మోస్తున్నప్పుడు మా మధ్య వచ్చే మాటలు నీ ఎడిటరు నోట ఒక్కటైనా వినిపించి ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

1991లో ఒక పెద్దాయన తన పద్యాల పుస్తకాన్ని సొంత ఖర్చుతో వేయించుకున్నారు. అంతకు ఏడాది ముందు పోయిన భార్యకు దాన్ని అంకితమిస్తూ “నా అర్ధాంగికి” అని రాసుకున్నారు. చివరి ప్రూఫు చూసింది నేను. అర్థం అని రాయవలసిన చోటల్లా జనం అర్ధం అని రాస్తుంటే రోజూ దిద్దీ దిద్దీ చేతికి అలవాటైపోయింది. ఆ అలవాటులో ఇక్కడి ధకారాన్ని కూడా తప్పనుకుని థకారం చేశాను. దేహంలో సగం అన్న మాట పోయి, ఏ అర్థమూ లేని మాట అచ్చయింది. 500 ప్రతులూ బైండింగు పూర్తయి వచ్చాక, చూసుకోవడానికి వచ్చిన ఆయనే ఆ పుట తెరిచి, చాలాసేపు చూసి, ఏమీ అనకుండా పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టారు.

తప్పొప్పుల చీటీ అంటిద్దామన్నారు మా యజమాని. ఆ ఫారం మళ్ళీ వేయాలంటే 16 పేజీలూ మళ్ళీ వేయాలి, అట్టలు ఊడదీయాలి, కుట్లు విప్పాలి. అందుకు ఆ పెద్దాయన దగ్గరా డబ్బు లేదు, మా దగ్గరా లేదు. అప్పుడు మా బైండరు, అంతవరకూ నాతో పది మాటలైనా ఆడని మనిషి, గడ్డం గీసుకునే బ్లేడును నిలువునా రెండుగా విరిచి ఒక ముక్క నా చేతికిచ్చాడు. థ వత్తుకూ ధ వత్తుకూ తేడా లోపలి చుక్క ఒక్కటే. కాగితం చిరగకుండా ఆ చుక్కను బ్లేడు మొనతో గీకి, గీకిన చోట నూగు లేవకుండా గోటితో రుద్దాలి. ఒక ప్రతికి రెండు నిమిషాలు పట్టింది. మిగతా పనుల మధ్య మూడు రోజులు కూర్చున్నాం. లెక్కలు రాసే ఆవిడ కూర్చున్నారు, ప్యాకింగు కుర్రాడు కూర్చున్నాడు, యజమాని కూడా చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. రెండో రోజున ఆ పెద్దాయన వచ్చి, తనకూ ఒక బ్లేడు ముక్క ఇమ్మని అడిగి తీసుకున్నారు.

లెక్కలు రాసే ఆవిడ గీకడం ఆపకుండానే, “అమ్మగారికి ఏ కూర ఇష్టమండీ?” అని అడిగారు. వంకాయ మెంతికారం అని చెప్పి, ఆ సంగతి ఫలానా పద్యంలో ఉందని కూడా ఆయన చెప్పారు. బైండరు ఆ పుట తీసి, కూడబలుక్కుంటూ, ఒక్కో పాదం దగ్గర ఆగుతూ ఆ పద్యం చదివాడు. తన చేత్తో కుట్టిన పుస్తకంలోంచి అతను ఒక ముక్క పైకి చదవగా నేను వినడం అదే మొదలు. తరవాత అతను పెద్దాయన వైపు చూసి, “బాగుంది బాబూ, ఆయమ్మ కనిపిస్తంది” అన్నాడు. పెద్దాయన తల ఎత్తకుండా ఇంకో ప్రతి అందుకున్నారు.

ఆ బైండరు అన్నది అన్నట్టుగానే రాశాను, చూడు. నీ కథలో కంచరపాలెం నుంచి వచ్చే ఆఫీసు బాయ్ “అది నిజంగా హృదయాన్ని తాకే రచన” అంటాడు. అలా అననివ్వకు. 1987లో ఒక వారపత్రికకు నేను పంపిన కథలో తల్లి కొడుకుతో “ఏటి బాబూ, ఇంకా తినలేదేటి” అంటుంది. అచ్చయి వచ్చేసరికి ఆ మాట “ఏమి నాయనా, ఇంకా భోజనం చేయలేదా” అయి కూర్చుంది. మాండలికం పాఠకులకు అర్థం కాదని సంపాదకుల వారు తరవాత కార్డు రాశారు. నేను ఆ కథను మా అమ్మకు చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, “బాగుంది గానీ, ఈవిడెవరు?” అని అడిగింది. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ సంపాదకుణ్ణి నేను క్షమించలేదు. రావిశాస్త్రి గారు ఈ ఊళ్ళోనే వకీలుగా పనిచేసి, కోర్టు మెట్ల మీద నిలబడే మనుషుల మాటను ఆ మనుషుల మాటగానే కథల్లోకి తెచ్చారు. దాన్ని తెలుగు దేశమంతా చదివింది, అర్థం కాలేదని ఎవరూ పుస్తకం వెనక్కి పంపలేదు. ఆయనకు ఆ మాట పనిలోంచి వచ్చింది. నీ ఆఫీసు బాయ్ పనేమిటో ముందు కనుక్కో, అతని మాట దానంతట అదే వస్తుంది.

హుద్‌హుద్ తుఫాను నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 2014 అక్టోబరు 12న ఆ గాలికి మా గోడౌను కిటికీలు ఊడిపోయి, రాత్రంతా వాన లోపలే కురిసింది. రెండు రోజుల తరవాత దారికి అడ్డంగా పడిన చెట్లు దాటుకుంటూ వెళ్ళి చూస్తే, రంగుల బొమ్మల కోసం ఆర్టు పేపరు మీద వేసిన పుస్తకాలు పేజీకి పేజీ అంటుకుని ఇటుకల్లా అయిపోయాయి. వాటికి చేయగలిగింది లేదు. మామూలు మాప్‌లిథో కాగితం పుస్తకాలు మాత్రం ఉబ్బాయి గానీ ఆరబెడితే దక్కుతాయి. ఊళ్ళో కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు, మేడ మీద కట్టడానికి తాళ్ళు కూడా కొన్నే దొరికాయి. ముందు ఏ పుస్తకాలు ఆరబెట్టాలి? ముప్ఫై ఏళ్ళ నా ఉద్యోగంలో మేమందరం సాహిత్యం గురించి గొంతులు చించుకుని మాట్లాడుకున్నది ఆ ఒక్క పూటే. అమ్మకాలున్నవి ముందు అన్నారు మేనేజరు. మళ్ళీ ఎవరూ అచ్చు వేయనివి ముందు అన్నాను నేను. ప్యాకింగులో ఉండే ఆవిడ ఎవరి మాటా వినకుండా, పిల్లల కథల కట్ట ఒకటి చంకన పెట్టుకుని మెట్లెక్కిపోయింది.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. నీ కథలో ప్రతి సంభాషణా చివర ఒక వాక్యం, ఎవరైనా ఫోనులో ఫొటో తీసి పంచుకోవడానికి వీలుగా, విడిగా నిలబడి ఉంటుంది. ఈ పద్ధతి ఇప్పుడు ఎక్కువైంది, అట్ట వెనక వేయడానికి అలాంటి వాక్యాలు ఏరి పంపమని ప్రచురణకర్తలే అడుగుతున్నారు. అలాంటివి పద్నాలుగు లెక్కపెట్టాను. అన్నీ కొట్టేశాను. ఆ చోట్లలో కథ తెగలేదు, కావాలంటే చదివి చూసుకో.

ఏ పత్రికకు పంపాలి, ముందుమాట ఎవరిచేత రాయించాలి అన్న నీ ప్రశ్నలకు ఇప్పుడు తొందర లేదు. ఎన్నిసార్లు తిరగరాయాలి అని అడిగావు, దానికి చెబుతాను. 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని గురజాడ వారు ఊరికే మళ్ళీ అచ్చు వేయించి ఉండవచ్చు. కానీ 1909లో రెండో కూర్పు వచ్చేసరికి అది ఎంతో పెరిగి, దాదాపు కొత్త నాటకమయింది. ఇవాళ మనం చదువుకునేది ఆ రెండోదాన్నే. నిన్ను పన్నెండేళ్ళు ఆగమనడం లేదు, దసరా దాకా ఆగు.

ఈలోగా ఏదైనా బైండింగు షాపుకు వెళ్ళి నాలుగు రోజులు కూర్చో. ఊరికే కూర్చుంటే మాట్లాడరు, ఫారాలు మడతపెట్టడానికి చెయ్యి సాయం చెయ్యి. ఆ తరవాత కథను ప్యాకింగు బల్ల దగ్గర మొదలుపెట్టు. ఆ అమ్మాయి చివరి పేజీలే చదువుతుంది కదా. ఏడాది తిరిగాక అమ్ముడుపోని ప్రతులు కట్టలుగా వెనక్కి వస్తాయి, వాటిని విప్పి లెక్క చూసేది కూడా ఆమే. పురికొస కత్తిరించి, తనకు ముగింపు తెలిసిన పుస్తకాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నప్పుడు, ఈసారి చిరునామా చీటీ లేదు, జిగురు ఆరే తొందరా లేదు. అప్పుడు ఆమె ఏ పేజీ తీస్తుందో నాకు రాసి పంపు.

నీ ప్రతిని దిద్ది, ఈ ఉత్తరంతో పాటే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. పన్నెండో పేజీలో ఒక్క గీత కూడా పెట్టలేదు.

ఇట్లు
మాస్టారు