పిల్లల విశ్వాసం ఇంట్లోనే రూపుదిద్దుకుంటుందా?

పిల్లలను వారానికోసారి మతపాఠాలకు పంపితే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. ఆ పాఠం గంటలో ముగుస్తుంది. మిగతా వారమంతా పిల్లలు చూసేది అమ్మానాన్నలనే.

మానవ సంస్కృతి పరిణామాన్ని అధ్యయనం చేసే జోసెఫ్ హెన్రిక్ 2009లో ఒక వాదన ముందుకు తెచ్చారు: నేర్చుకునేవారు పెద్దల మాటను విని కన్నా, ఆ మాట కోసం వారు ఏం వదులుకుంటున్నారో చూసి దాన్ని నమ్ముతారు. అబద్ధం పాపమని బోధించే తండ్రే ఫోను మోగగానే ‘నేను ఇంట్లో లేనని చెప్పు’ అంటే, ఏ పాఠం నిలుస్తుందో వేరే చెప్పాలా!

అయితే నిష్ఠ ఒక్కటే సరిపోదు. అమెరికాలో 1970లో మొదలైన ఒక అధ్యయనంలో సామాజిక శాస్త్రవేత్త వెర్న్ బెంగ్ట్‌సన్ బృందం అవే కుటుంబాలను తరాల వెంట దశాబ్దాల పాటు పరిశీలించింది. తల్లిదండ్రులతో, ముఖ్యంగా తండ్రితో ఆప్యాయత ఉన్నచోట విశ్వాసం తర్వాతి తరానికి ఎక్కువగా అందిందని తేల్చింది. తండ్రి ఎంత భక్తిపరుడైనా కర్కశంగా ఉంటే, పిల్లలు ఆయనతో పాటు ఆయన దేవుడికీ దూరం జరిగే అవకాశం ఉంది. తాతయ్యలు, అమ్మమ్మల ప్రభావమూ తక్కువేమీ కాదు.

సందేహం అడిగిన పిల్లవాణ్ణి ‘కళ్లు పోతాయి’ అని గద్దించడం మాత్రం నా దృష్టిలో అన్నింటికన్నా చెడ్డ అలవాటు. కౌమారంలో ఆ ప్రశ్నలు ఎలాగూ వస్తాయి. ‘నాకూ తెలియదు, ఆలోచిద్దాం’ అని చెప్పడానికి పెద్దలు మొహమాటపడనక్కరలేదు.